చీటీ లేని ముఖాలు

సోమవారం పొద్దున్నే శవాగారం గుమాస్తా కంప్యూటర్ బటన్ నొక్కాడు. పచ్చలైటు వెలిగింది, లోపల ఫ్యాను గిర్రున తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. మళ్లీ నొక్కాడు. ఈసారి పెట్టెలోంచి టిక్కు, టిక్కు అని చప్పుడొచ్చింది. ప్లగ్గు పీకి పెట్టాడు. పెట్టె నెత్తిన రెండు మొట్టికాయలు వేశాడు. మొండికేసిన ఏ యంత్రానికైనా ముందు జరిగే వైద్యం అదే కదా! అదీ పనిచెయ్యలేదు.

ఎదురుగా బల్ల మీద ఒకావిడ కూర్చుని ఇదంతా చూస్తోంది. నలభై దాటిన మనిషి, లాండ్రీలో ఇస్త్రీ పని, కుడిచేతి వేళ్ల నిండా పాత కాలిన మచ్చలు. ఒళ్లో ప్లాస్టిక్ సంచి, అందులో నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం. ఆ కాగితం కోసం ఆవిడ ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. అనాథ శవంగా పాతిపెట్టిన తన తమ్ముణ్ణి బయటికి తీసి ఇంటికి తీసుకెళ్లడానికి అనుమతి అది. ఒక్క గుంత తవ్వొచ్చు, పదిహేను రోజుల్లోగా తవ్వాలి. గుంత నంబరు రాయాల్సిన చోట ఖాళీ వదిలారు. ఆ నంబరు శవాగారం గుమాస్తా రాసి సంతకం పెట్టాలి.

"పాడైందా అన్నయ్యా?" అంది ఆవిడ.

"లేదమ్మా, సోమవారం కదా, బద్ధకం దానికి. ఒక్క నిమిషంలో లేస్తుంది," అన్నాడు గుమాస్తా.

నిమిషం కాదు, మధ్యాహ్నం దాకా లేవలేదు.

గుమాస్తాని ఆ ఆసుపత్రిలో అందరూ చీటీలాయన అనేవాళ్లు. వచ్చిన ప్రతి శవం బొటనవేలికీ కట్టే నంబరు చీటీ గుండ్రటి అక్షరాలతో ఆయనే రాసేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఎవరూ రాని శవమైతే చీటీ కట్టి, ముఖం ఫోటో తీసి, ఆ ఫోటోకి చీటీ మీది నంబరే పేరుగా పెట్టి కంప్యూటర్లో దాచేవాడు. నెల గడిచినా ఎవరూ రాకపోతే పూడ్చిపెట్టేవాళ్లు. గుంత మీద అదే నంబరున్న రేకుముక్క గుచ్చేవాళ్లు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఫోటో చూపించాలి, ముఖం గుర్తుపడితే ఫోటో పేరు చూడాలి, అదే గుంత నంబరు. పూర్వం లావుపాటి రిజిస్టర్లుండేవి. కంప్యూటరొచ్చాక పుస్తకమెందుకు దండగ అని పైవాళ్లు ఆపించేశారు. అనాథ శవాల మీద డాక్టరు రాసే రెండు ముక్కల రిపోర్టు కూడా ఆ పెట్టెలోకే వెళ్లేది. ఇప్పుడు పోలీసుల్ని అడిగితే, "మీ దగ్గరే ఉంటాయి కదండీ అన్నీ," అన్నారు.

పోనీ నకలు తీసి పెట్టలేదా అంటే, తీశాడు పాపం! ప్రతి శనివారం ఠంచనుగా తీశాడు. ఎక్కడ పెట్టాడు? అదే పెట్టెలో, అదే డిస్కులో, 'జాగ్రత్త' అని పేరు పెట్టిన ఇంకో ఫోల్డర్లో. దొంగల భయానికి పర్సుని కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చుకున్నట్టు!

సాయంత్రానికి పెద్ద డాక్టరుగారి దగ్గర సెలవు చీటీ రాయించుకుని, పెట్టె చంకనెత్తుకుని మరమ్మతు షాపుకి బయల్దేరాడు. లాండ్రీ ఆవిడా వెనకే వచ్చింది. వద్దని చెప్పే మొహం ఆయనకి లేకపోయింది.

రెండు దుకాణాల మధ్య సందులో మెట్ల కింద గది అది. అందులో మరమ్మతు చేసే అతన్ని చెవులాయన అంటారు. డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని వింటాడు, అందుకని. ఈ డిస్కునీ పెట్టుకున్నాడు. చేత్తో ఊరుకోమని సైగ చేసి, కళ్లు మూసుకుని విన్నాడు.

"ఎన్నిసార్లు ఆన్ చేశారు?" అన్నాడు.

"ఓ ఇరవై... ముప్పై సార్లు."

"కొట్టారా?"

గుమాస్తా చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"కొట్టారు," అని తనే తేల్చుకున్నాడు చెవులాయన. "డిస్కు మీద రాసింది చదివే ముల్లు లాంటిది ఒకటుంటుంది లోపల. అది దెబ్బతింది. మీరు ఆన్ చేసినప్పుడల్లా గీకింది. చేతులు కాలాక తెచ్చారు, ఇంక ఆకులు పట్టుకోవాలి నేను. ఇంకొక్కసారి ఊపిరి తీస్తుందేమో. ఆ ఒక్కసారిలో ఎంతొస్తే అంత లాగుతాను. మీకు ముందు కావాల్సిందేంటి?"

"ఫోటోలు," అంది ఆవిడ, గుమాస్తా నోరు తెరిచేలోగా.

నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆవిడ షాపు ముందు మెట్టు మీదే కూర్చుంది. రెండోరోజున గుమాస్తా పక్కన కూలబడి, "ఇంటికెళ్లి రామ్మా, ఇక్కడ నువ్వు చేసేదేముంది," అన్నాడు.

"ఇంట్లో అమ్మ ఉంది అన్నయ్యా. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే 'వాణ్ణి తెచ్చావా' అంటుంది. కళ్లు కనపడవు. అడుగుల చప్పుడు లెక్కపెడుతుంది, ఒకరా ఇద్దరా అని. పోయాడని చెప్పాను. 'పోతే పోయాడు, తెచ్చి నా దగ్గర పడుకోబెట్టు, నేనూ పోతాను' అంటుంది. మహా అయితే రెండు నెలలన్నారు డాక్టర్లు. ఉత్త చేతులతో ఎలా వెళ్లను?"

 దొరుకుతాడమ్మా, నాదే పూచీ అన్నాడు గుమాస్తా. ఎందుకన్నాడో, ఏం చూసుకుని అన్నాడో ఆయనకే తెలియాలి.

శుక్రవారం చెవులాయన లోపలికి పిలిచాడు. "మీ అదృష్టం, ఫోటోలు దాదాపు అన్నీ వచ్చాయి. ఆరువందల పైచిలుకు. రిపోర్టులు మాత్రం రాలేదు, పిచ్చిగీతలే మిగిలాయి," అని తెర ఇటు తిప్పాడు.

వరసగా ముఖాలు. కళ్లు మూసుకున్నవి, సగం మూసుకున్నవి. గుమాస్తా ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత ప్రతి ముఖం కింద ఉన్న పేరు చూశాడు. ఫైల్ 1. ఫైల్ 2. ఫైల్ 3.

"నా నంబర్లేవి?"

"ఏ నంబర్లు? పేర్లా? అవి రావండీ. పేర్లన్నీ డిస్కులో ఒకచోట విడిగా ఉంటాయి, విషయ సూచికలాగా. ఆ చోటే అరిగిపోయింది. బొమ్మలు మాత్రం ఎక్కడ దొరికినవి అక్కడ ఏరాను. ఈ నంబర్లు నా మిషన్ తనంతట తను వేసుకున్నవి, వాటికేం అర్థం లేదు. అయినా మీకు ఇబ్బందేముంది, ఇలాంటి ఫోటోల్లో నంబరు చీటీ పక్కన కనపడేట్టు పెట్టి తీస్తారుగా!"

గుమాస్తా గుండెల్లో రాయి పడింది.

అలాగే తియ్యాలి. పెద్ద డాక్టరుగారు చిలక్కి చెప్పినట్టు చెప్పేవాడు, చీటీ ఛాతీ మీద పెట్టి తియ్యవయ్యా అని. చేస్తున్నానండీ అనేవాడు ఈయన. చేసేవాడు కాదు. చేరిన కొత్తలో ఒక తల్లి వచ్చింది. ఛాతీ మీద నంబరున్న కూతురి ఫోటో చూసి, ఏడవడం కూడా మానేసి, "దొంగకి పెట్టినట్టు పెట్టారేంటయ్యా నా బిడ్డకి నంబరు? అదేం తప్పు చేసింది?" అంది. ఆ మాట ములుకులా దిగబడిపోయింది. ఆ రోజునుంచి ఫోటో తీసే ముందు చీటీ పక్కకి జరిపేసేవాడు. తడి గుడ్డతో ముఖం తుడిచేవాడు, జుట్టు సర్దేవాడు, దుప్పటి మెడదాకా లాగి అప్పుడు తీసేవాడు. పడుకున్న మనిషిలా కనపడాలి, అంతే. నంబరు ఫైలు పేరులో ఉందిగా, ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. కెమెరాలో తేదీ బ్యాటరీ పోయి ఏళ్లయింది, అదీ బాగుచేయించలేదు. అన్ని ఫోటోలమీదా ఒకటే తేదీ.

ఇరవై రెండేళ్లు దయ అనుకుని చేసిన పని! ఆరువందల ముఖాలు, ఆరువందల గుంతలు, మధ్యలో దారం తెగిపోయింది. తెంపింది తనే.

"ఇడుగో," అంది ఆవిడ వెనకనుంచి. వేలు తెర మీద ఆన్చింది. "ఇడుగో మా వాడు. ఎంత బాగా పడుకున్నాడో చూడు అన్నయ్యా. జుట్టు కూడా దువ్వారు." ఏడుస్తూనే నవ్వింది. "ఏ నంబరు?"

ఆయన చెప్పాడు. నీళ్లు నమలకుండా, ఎక్కడా దాచకుండా, చీటీ జరిపిన సంగతితో సహా చెప్పాడు. ఆవిడ తిడుతుందేమో, చెంప పగలగొడుతుందేమో, కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ తెర వైపే చూస్తూ, "ఇప్పుడేం చెయ్యాలి?" అంది.

శ్మశానంలో గుంతలు తవ్వే ముసలాయన దగ్గర, తవ్వకం తాత అంటారు, ఒక నలిగిన నోట్‌బుక్ ఉంది. అందులో తేదీ, గుంత నంబరు, ఆడా మగా, అంతే. తమ్ముడు దొరికిన వారం పోలీసు కాగితంలో ఉంది. నిరుడు వానల్లో, వంతెన కింద ఏట్లోంచి తీశారు. ఆ కాగితం ప్రకారం ఆ వారం ఏట్లోంచి తీసిన మగవాళ్లు ఇద్దరు. తాత నోట్‌బుక్‌లో చూస్తే, నెల తిరిగాక ఇద్దరినీ ఒకే రోజు పక్కపక్కన పూడ్చారు. ఆ ఏటి వరసలో 212, 213. ఆ రెండో ముఖాన్ని గుమాస్తా తెరమీద పట్టుకున్నాడు. ఇంచుమించు అదే వయసు, గడ్డం మీద చిన్న గాటు. ఇద్దరూ గుర్తున్నారు. ఎవరి వేలికి ఏ చీటీ కట్టాడో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు. పక్కన పడుకున్న ఇంటావిడ, "ఏంటండీ, అర్ధరాత్రి ఆ అంకెలు?" అని కసిరింది.

ఎముక పరీక్షకి రాద్దామని పెద్ద డాక్టరుగారి దగ్గరికెళ్తే, "రాస్తాను, ఏడాదిన్నర పడుతుంది," అన్నాడు. "ఆవిడ కాగితం ఇంకో వారమే పనిచేస్తుంది. ముందు నుయ్యి వెనక గొయ్యిలా ఉంది నీ పని. నువ్వే తేల్చుకో."

గుమాస్తా ఆవిణ్ణే అడిగాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "213 రాయి," అంది.  ఎందుకని ఉంటుంది, ఏదో ఒకటి రాయాలి కదా. ఆయన గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు.

బుధవారం మధ్యాహ్నం తవ్వారు. మబ్బుగా ఉంది, మట్టి తడిగా పారకి అంటుకుంటోంది. ఒక పోలీసాయన దూరంగా ఫోన్ చూసుకుంటున్నాడు. దుప్పటి కనపడగానే ఆవిడ, "నేను దిగుతాను," అని చెప్పులు విడిచి దిగిపోయింది. గుంత గట్టుమీద గుమాస్తా గొంతుక్కూచున్నాడు. పదకొండు నెలల తర్వాత ముఖం ఉండదని ఆయనకి తెలుసు, ఆవిడకి ముందే చెప్పాడు. ఆవిడ దుప్పటి మడత తీసింది. ఎముకల మధ్య ఏదో సన్నగా తళుక్కుమంది. తడి రాయి అనుకున్నాడు గుమాస్తా.

ఆవిడ కదలకుండా ఉండిపోయింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. తర్వాత దుప్పటి గబగబా కప్పేసి, చుట్టూ దోపి, తల పైకెత్తింది.

"వీడే," అంది.

"గుర్తుపట్టావా తల్లీ?"

"నేనే పెంచాను అన్నయ్యా. వీడే."

ఆ మాటతో గుమాస్తా గుండెల మీంచి బండ దిగిపోయింది. అమ్మయ్య, దేవుడున్నాడు అనుకున్నాడు. ఆవిణ్ణీ ఎముకలున్న పెట్టెనీ వ్యానెక్కించి, వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడి చూశాడు. ఇంటికెళ్లి కడుపునిండా తిని పొద్దెక్కేదాకా నిద్రపోయాడు.

ఆ తర్వాత మనిషి మారాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కొత్త రిజిస్టరు కొన్నాడు. ప్రతి ఫోటోలోనూ చీటీ పెట్టాడు. దొరికిన ఆరువందల ముఖాలనీ ముద్రించి ఊరూరి స్టేషన్లకీ పంపించాడు. అలా పంపిన కాగితం చూసుకునే మూడు నెలలకి ఒక తాపీమేస్త్రి వచ్చాడు. అరవై ఏళ్లవాడు, సున్నం తిని గరుకెక్కిన చేతులు. అతని చేతిలో ఉన్న ముఖం గుమాస్తాకి చూడగానే తెలిసిపోయింది, గడ్డం మీద చిన్న గాటు.

"మా అబ్బాయేనండీ. ఎక్కడున్నాడు?"

"212," అన్నాడు గుమాస్తా, తడుముకోకుండా. "సందేహమే లేదండీ. పక్క గుంతలో అతన్ని వాళ్లక్క వచ్చి స్వయంగా గుర్తుపట్టి తీసుకెళ్లింది. మిగిలింది మీవాడే." ఆ మాట చెబుతున్నప్పుడు ఎంత హాయిగా ఉందో ఆయనకి! ఒక్క లెక్కయినా సరిపోయింది కదా అని.

కాగితాలయ్యాయి, తవ్వారు. మేస్త్రి తనే దిగాడు. దుప్పటి తీసి, మోకాళ్లమీద కూర్చుని, ఎడమ పక్కన చేత్తో తడిమాడు. మళ్లీ తడిమాడు. కుడి పక్కనా చూశాడు.

"ఏదండీ?" అన్నాడు.

"ఏంటి?"

"పట్టీ. స్టీలు పట్టీ. గోడకి కట్టిన సారవ మీంచి పడితే ఎడమ చెయ్యి విరిగింది మావాడికి, నా దగ్గర పనిచేసేటప్పుడే. లోపల ఇంత పొడుగు పట్టీ వేసి మరలు బిగించారు. అది కుళ్లదు కదండీ? ఎక్కడికి పోతుంది?"

  తళుక్కుమన్న తడి రాయి గుమాస్తా కళ్లముందు కదిలింది.

లాండ్రీ ఆవిడకి ఫోన్ చేశాడు. మూడో రింగుకి ఆవిడ ఎత్తింది. ఇస్త్రీ ఆవిరి చప్పుడు వినిపిస్తోంది. "అమ్మా, నేను, శవాగారం..." అన్నాడు. ఆవిరి చప్పుడు ఆగిపోయింది.

"వాళ్లొచ్చారా?" అంది ఆవిడ.

"నీకు తెలుసా?"

"ఇనుము చూశాను. మావాడి చేతిలో ఏ ఇనుమూ లేదు." గొంతు తగ్గించింది. "కాగితం మీద ఒక్క గుంతే అన్నారు కదా అన్నయ్యా. రెండోది తవ్వనివ్వరు. అమ్మ అక్కడ చెవులు రిక్కించుకుని కూర్చుంది. తీసుకెళ్లాను. ఆవిడ దుప్పటి మీదినుంచి తడిమి చూసి, చిక్కిపోయాడే అంది. ఆ రాత్రి నిద్రపోయింది. పదో రోజున పోయింది. ఇద్దర్నీ పక్కపక్కనే పెట్టాను. రోజూ వెళ్తున్నాను. ఆ అబ్బాయికి క్షమించమని చెప్పుకుంటున్నాను, నా తమ్ముడికి చెప్పుకుంటున్నాను. ఎవరిదో బిడ్డని ఎత్తుకొచ్చాను, ఎప్పుడో ఒకరోజు ఫోన్ వస్తుందని నాకు తెలుసు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడగలేదు. వీడే అనగానే నీ మొహం ఎంత తేలికపడిందో చూశాను. నీకూ అదే కావాలనుకున్నాను."

 గుంతలోంచి మేస్త్రి చెయ్యి చాచాడు, ఫోన్ ఇటివ్వమని. ఇచ్చాడు. మేస్త్రి ఎముకల పక్కనే కూర్చుని విన్నాడు.

"ఊ... ఎడమ చెయ్యేనమ్మా... అవును, నాలుగు మరలు... మీ అమ్మగారా? ఎప్పుడు?... ఊ."  ఫోన్లో ఆవిడ ఏడుపు గట్టుమీదికి వినిపిస్తోంది. ఆఖరికి, "ఏడవకు. మీ తమ్ముడు ఇక్కడే ఉన్నాడు, నా పక్కనే. తీసుకొస్తున్నాను. కాగితాలూ అవీ తర్వాత చూసుకుందాం. మావాణ్ణి నాకిచ్చేద్దువుగాని," అన్నాడు.

ఫోన్ పైకి అందించాడు. గుమాస్తా అందుకోలేదు.

"నేనూ చూశానండీ ఆ రోజు," అన్నాడు. "తళుక్కుమంది. తడి రాయనుకున్నాను. కాదు, రాయైతే బాగుండునని అనుకున్నాను. ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. ఆవిడ వీడే అంటే చాలనుకుని ఇంటికెళ్లి పడుకున్నాను."

తవ్వకం తాత పార పక్కన పెట్టి తల దించుకున్నాడు. మేస్త్రి గుమాస్తా కళ్లలోకి చూశాడు. తిట్టలేదు. అలా చూసి, చూసి, మోకాళ్లకంటిన మట్టి దులుపుకుని దుప్పటి నాలుగు చెరగులూ సర్దడం మొదలుపెట్టాడు.

"నేనొక్కణ్ణే లేపలేను," అన్నాడు. "దిగి ఆ కొస పట్టుకోండి."

ఇరవై రెండేళ్లలో చీటీలాయన గుంతలోకి దిగడం అదే మొదటిసారి.